గిన్నెలు తోమే పీచు: పేరుకెంత, పనికెంత?

(పురానాపూల్ అక్షరాస్యతా కేంద్రంలో, సాయంత్రం తరగతిలో ఒక వలంటీరు టీచరు చెప్పిన మాటలు)



ఇవాళ నల్లబల్ల మీద ఒక్క మాటే రాశాను. అందరూ చదవండి. పీ – చు. పీచు.

"పీచు మీద కూడా ఉపన్యాసం ఇస్తవా బిడ్డా?" అని వెనక కూర్చున్న పెద్దమ్మ నవ్వుతోంది. ఇస్తాను పెద్దమ్మా. రోజుకు రెండు పూటలు మన చేతిలో ఉండే వస్తువు అది. పలక కన్నా ఎక్కువ సేపు పీచే పట్టుకుంటాం. మీలో సగం మంది మీ ఇంటి బాసన్లతో పాటు ఇంకో నాలుగిళ్ళ బాసన్లు కూడా తోముతారు.

పోయిన నెలలో మన తరగతికి ఒక అక్క రెండు రోజులు రాలేదు. మూడో రోజు వచ్చి మూలకు కూర్చుంది. పలక బయటికి తీయలేదు. ఏమైందక్కా అని అడిగాను. ఆమె పని చేసే ఇంట్లో కొత్త పెనం కొన్నారు. నల్లటి నాన్‌స్టిక్ పెనం. అలవాటు ప్రకారం ఈమె తీగ పీచుతో గట్టిగా తోమింది. తళతళ మెరిస్తే మెచ్చుకుంటారు అనుకుంది. పెనం నిండా గీతలు పడ్డాయి. జీతంలో 500 రూపాయలు కోశారు.

"ఆ పెనం డబ్బా మీదనే రాసుందట టీచరమ్మా, తీగ పీచు వాడొద్దని. నాకేం ఎరుక? డబ్బా నాకు చూపించలేదు. చూపించినా చదవరాదు గదా" అంది.

తప్పు ఆమె ఒక్కదానిదే అని నేను ఒప్పుకోను. కొత్త సామాను తెచ్చినవాళ్ళు దాన్ని ఎట్ల తోమాలో చెప్పాలి. చెప్పకుండా జీతం కోయడం న్యాయం కాదు. ఆ ఇంటికి పోయి మాట్లాడతాను అన్నాను. అక్క వద్దంది. పని పోతుందని భయం.

ఆ తర్వాత ఆమె ఏం చేసిందో తెలుసా? తన పైసలతో పేరున్న కంపెనీ పీచు కొని ఆ ఇంటికి తీసుకుపోయింది. ఒక్క ముక్కకు 30 రూపాయలు. వాళ్ళింటి గిన్నెలు తోమడానికి పీచు ఈమె కొనాలా? అది ఇంకో పెద్ద ముచ్చట. "పేరున్నదైతే గీతలు పడవు" అని ఎవరో చెప్పారట. అది నిజమా? 30 రూపాయలు పనికి పెడుతున్నామా, పేరుకు పెడుతున్నామా? ఇవాళ ఇదే మాట్లాడుకుందాం.

నేతిబీరకాయ మీ అందరికీ తెలుసు. నేతిబీరకాయలో నెయ్యి ఎంత? చుక్క కూడా ఉండదు. నెయ్యి పేరులోనే ఉంది, కాయలో లేదు. కానీ ఆ కాయలో ఇంకొకటి ఉంది. పీచు! ముదిరి ఎండిన నేతిబీర లోపల వల లాంటి గట్టి పీచు ఉంటుంది. మన అమ్మమ్మలు దాంతోనే ఒళ్ళు రుద్దారు, గిన్నెలు తోమారు. ఇప్పుడు ఆ బీరపీచునే ముక్కలు కోసి, అందమైన సంచిలో పెట్టి, ఇంగ్లీషు పేరు రాసి పెద్ద దుకాణాల్లో అమ్ముతున్నారు. పెరట్లో ఊరికే ఎండిపోయిన కాయకు అక్కడ ఎంత ధర అనుకున్నారు! బూడిదను కూడా డబ్బాలో పెట్టి అమ్ముతున్నారమ్మా. నవ్వకండి, నిజం.

ఇక ఆకుపచ్చ పీచు సంగతి. మనం దేన్నయినా "స్కాచ్‌బ్రైట్ ఇవ్వు" అని అడుగుతాం. అది ఒక కంపెనీ పెట్టుకున్న పేరు. ఆ కంపెనీ పేరు త్రీఎం. అమెరికాలో 1902లో మొదలైంది. మొదట్లో వాళ్ళ వ్యాపారం గరుకు కాగితం. అదే, వడ్రంగులు చెక్క మీద రుద్దే కాగితం. 1950లలో వాళ్ళు ఈ పీచు తయారు చేశారు. ఇందులో ఏముంటుంది? నైలాను లాంటి సన్నని దారాలు. నేసినవి కావు, చిక్కు చేసి అతికించినవి. ఆ దారాలకు గరుకు రాతిపొడి లాంటిది జిగురుతో పట్టించి ఉంటుంది. అంటే ఏమిటి? ఆకుపచ్చ పీచు కూడా ఒక రకం గరుకు కాగితమే. మెత్తగా కనిపిస్తుంది గానీ గీకుతుంది. మన అక్క కొన్నది మంచి పీచే. కానీ దానితో నాన్‌స్టిక్ పెనం గట్టిగా రుద్దితే మళ్ళీ గీతలు పడతాయి. పేరు ఎంత పెద్దదైనా గరుకు గరుకే.

"ఆ కంపెనీ చేసిన పీచును వేరేవాళ్ళు చేయొచ్చా? అది దొంగతనం కాదా?" అని ఒక చెల్లె అడిగింది. మంచి ప్రశ్న. ఎవరైనా కొత్త వస్తువు కనిపెడితే ప్రభుత్వం వాళ్ళకు ఒక హక్కు ఇస్తుంది. కొన్నేండ్ల దాకా అది వాళ్ళే చేయాలి, ఇంకొకరు చేయకూడదు. దాన్ని పేటెంటు అంటారు. మన దేశంలో ఆ గడువు 20 ఏండ్లు. గడువు దాటితే ఎవరైనా చేయొచ్చు. మందులు కూడా అంతే. జన ఔషధి దుకాణంలో అదే మందు తక్కువకు దొరుకుతుంది గదా? మందు అదే, పెద్ద పేరు ఉండదు. ఆకుపచ్చ పీచు వచ్చి 60 ఏండ్లు దాటింది. ఇట్లాంటి పీచు ఇప్పుడు ఎన్నో చిన్న కంపెనీలు చేస్తున్నాయి. అది తప్పు కాదు.

కానీ పేరుకు గడువు లేదు. పేరు ఎప్పటికీ ఆ కంపెనీదే. సొంత పేరుతో, లేదా పేరు లేకుండా పీచు అమ్మితే అది చవక సరుకు. పెద్ద కంపెనీ పేరును ఒక అక్షరం మార్చి, అదే రంగు, అదే బొమ్మ వేసి అమ్మితే అది నకిలీ సరుకు. ఈ రెంటికీ తేడా ఉంది. చవక సరుకు కొనండి. నకిలీ సరుకు కొనకండి. పేరు విషయంలోనే మోసం చేసినవాడు సరుకు విషయంలో నిజాయితీగా ఉంటాడా?

మరి నకిలీని ఎట్ల పట్టుకోవాలి? అక్షరం అక్షరం కూడబలుక్కొని చదివితే పట్టుకోవచ్చు. గడగడా చదివేవాళ్ళు పొట్లం చూడగానే పేరు ఊహించేసుకుంటారు. మనం అట్ల కాదు, ఒక్కో అక్షరం దగ్గర ఆగుతాం. అందుకే ఒక్క అక్షరం మారినా మన కంట్లో పడుతుంది.

ఇప్పుడు ఈ ఖాళీ పొట్లాలు చేతిలోకి తీసుకోండి. తలా ఒకటి. దీని మీద ఏమేం ఉండాలో చట్టం చెప్పింది. తూనికలు కొలతల చట్టం 2009లో వచ్చింది. పొట్లాల నిబంధనలు 2011లో వచ్చాయి. తయారు చేసినవాళ్ళ పేరు, చిరునామా ఉండాలి. లోపల ఎన్ని ముక్కలు ఉన్నాయో ఉండాలి. ఏ నెల, ఏ సంవత్సరం అనేది ఉండాలి. ఫిర్యాదు చేయడానికి ఫోను నంబరు ఉండాలి. ధర ఉండాలి. ధర ముందు ఎం, ఆర్, పి అని మూడు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. వాటి బొమ్మ బల్ల మీద గీశాను, చూసుకోండి. దాని అర్థం, ఇంతకన్నా ఎక్కువ తీసుకోకూడదు అని. తక్కువకు అమ్మొచ్చు. అందుకే ఎం.ఆర్.పి. చూసి కూడా బేరం ఆడొచ్చు. సిగ్గు పడాల్సిన పని లేదు.

ఒక్క మాట నాకు నచ్చదు, చెప్పేస్తాను. ఈ వివరాలు హిందీలోనో ఇంగ్లీషులోనో ఉంటే చాలు అని నిబంధన. తెలుగులో కూడా వేయొచ్చు గానీ, వేసి తీరాలని లేదు. తెలుగు నేర్చుకున్న మనకు ఇది ఇబ్బందే. కానీ అంకెలు ఏ భాషలోనైనా ఇవే గదా. 1, 2, 3 వచ్చినవాళ్ళు ధర చదవగలరు, ముక్కలు లెక్క పెట్టగలరు. ఎవరైనా ఎం.ఆర్.పి. కన్నా ఎక్కువ అడిగితే 1915 నంబరుకు ఫోను చేయండి. అది వినియోగదారుల సహాయం కోసం ప్రభుత్వం పెట్టిన నంబరు. పైసలు పడవు. తెలుగులో మాట్లాడొచ్చు. ఈ నాలుగు అంకెలు పలక మీద రాసుకోండి.

రాశారా? ఇప్పుడు ఒక లెక్క.

పేరున్న పీచు ఒకటి 30 రూపాయలు అనుకుందాం. వంతెన దాటి బేగంబజారుకు పోతే పేరులేని పీచు 12 ముక్కల కట్ట 120 రూపాయలు అనుకుందాం. ఒక్కటి ఎంత పడింది? 10 రూపాయలు. పదిహేను రోజులకు ఒకటి మారిస్తే సంవత్సరానికి 24 ముక్కలు కావాలి. పేరున్నది 24 ముప్పైలు, 720. పేరులేనిది 24 పదులు, 240. తేడా ఎంత? 480. మన అక్క జీతంలో కోసిన దానికి 20 తక్కువ!

"పేరులేనిది పదిహేను రోజులు ఆగదు టీచరమ్మా, పది రోజులకే చిరుగుతది" అని ఒక అక్క అంటోంది. సరే, పది రోజులే అనుకుందాం. సంవత్సరానికి 36 ముక్కలు కావాలి, 360 రూపాయలు. అయినా పేరున్నదాని ధరలో సగమే.

ఇంకా తక్కువకు దొరికితే ఇంకా లాభమా? అక్కడే నేను ఒకసారి దెబ్బ తిన్నాను. ఒక చోట 12 ముక్కలు 60 రూపాయలకే ఇస్తే సంబరంగా కొన్నాను. ముక్కకు 5 రూపాయలే గదా అనుకున్నాను. మూడో రోజుకే పీచు పొడి పొడి అయింది. ఆకుపచ్చ నలక అన్నం గిన్నెకు అంటుకుంది. మా అమ్మ నన్ను చూసి, "చదువుకున్నదానివి, బేరం బాగనే చేసినవ్" అంది. మూడు రోజులకు ఒకటి చొప్పున లెక్క వేస్తే సంవత్సరానికి 120 ముక్కలు దాటుతాయి. 600 రూపాయలు దాటుతుంది. పది రూపాయల పీచు కన్నా ఐదు రూపాయల పీచే ఖరీదు పడింది.

అందుకే కొనేముందు పరీక్ష చేయండి. అంచు పట్టుకొని రెండు వేళ్ళతో లాగండి. దారాలు ఊడి వస్తే వద్దు. అరచేతిలో నలపండి. పొడి రాలితే వద్దు. వెలుతురుకు ఎత్తి చూడండి. ఒకచోట పలచగా, ఒకచోట మందంగా ఉంటే తొందరగా చిరుగుతుంది. ఒక పక్క పీచు, ఒక పక్క స్పాంజి ఉన్నదైతే రెండూ అతికిన చోట మూల లాగి చూడండి. దుకాణదారు "ఏందమ్మా, పీచుకు కూడా పరీక్షనా?" అంటాడు. అననివ్వండి. ఒకేసారి పన్నెండు కొనే స్తోమత లేకపోతే ఆరుగురు కలవండి. తలా 20 రూపాయలు వేసుకోండి, తలా రెండు ముక్కలు వస్తాయి.

పోయిన వారం మనం చేసిన పరీక్ష గుర్తుందా? ఆ రోజు రానివాళ్ళ కోసం చెప్తాను. నాలుగు పీచులు తెచ్చాను. కంపెనీ పీచు, పేరులేని పీచు, బీరపీచు, కొబ్బరిపీచు. కంపెనీ పీచును, పేరులేని పీచును ఒకే కొలతకు కోసి పొట్లాలు దాచేశాను. ఒకటి, రెండు అని దారం కట్టి అంకె వేశాను. అన్నం మాడిన గంజు, జిడ్డు పప్పుగిన్నె, చాయ్ గిన్నె, మసి పట్టిన బగోన. ఇవన్నీ పంపు దగ్గర పెట్టుకొని తోమాం. ఒకటో నంబరు, రెండో నంబరు ఏది కంపెనీదో చెప్పమన్నాను. చాలామంది రెండోదే కంపెనీది అన్నారు. రెండోది పేరులేనిది! పక్కింటి ఆపా అయితే నా మాట నమ్మలేదు. పొట్లం తెచ్చి చూపిస్తేగానీ ఒప్పుకోలేదు.

మిగతాది కూడా చెప్పాలి. ఆ రెండు పీచులను నేను ఇంటికి తీసుకుపోయి రోజూ వాడాను. వారం దాకా రెండూ ఒకటే. తర్వాత పేరులేని దాని అంచులు విచ్చుకున్నాయి. కంపెనీది గట్టిగానే ఉంది. అంటే పేరులో ఏమీ లేదని కాదు. పేరున్నది కొంచెం ఎక్కువ రోజులు ఆగుతుంది. కానీ మూడు రెట్ల ధరకు మూడు రెట్లు ఆగుతుందా అనేది చూసుకోవాలి.

ఇంకో సంగతి. పీచు ఎక్కువ రోజులు ఆగడం మంచిదేనా? 2017లో జర్మనీలో శాస్త్రవేత్తలు ఇళ్ళలో వాడిన 14 స్పాంజీలు తీసుకొని పరీక్షించారు. వాటిలో కంటికి కనపడని సూక్ష్మజీవులు 362 రకాలు దొరికాయి. అన్నీ రోగం తెచ్చేవి కావు. కానీ ఎప్పుడూ తడిగా ఉండి, అన్నం మెతుకులు ఇరుక్కున్న స్పాంజి వాటికి మంచి ఇల్లు. కడిగినా, ఉడకబెట్టినా పూర్తిగా పోవు. వారానికి ఒకటి మార్చడం మేలు అని వాళ్ళు చెప్పారు. ముప్పై రూపాయలు పెట్టి కొన్నదాన్ని వారానికి పారేయడానికి ఎవరికి మనసొస్తుంది? మూడు నెలలు వాడతాం, కంపు కొట్టేదాకా వాడతాం. చవకది కొని తొందరగా మార్చేవాళ్ళ వంటిల్లే శుభ్రం. వాడిన ప్రతిసారీ పిండి, తడి లేకుండా ఎండలో తగిలించండి. సబ్బు నీళ్ళ గిన్నెలో నానబెట్టి వదిలేయకండి. మాంసం కడిగిన గిన్నెకు వేరే ముక్క పెట్టుకోండి.

ఏ గిన్నెకు ఏ పీచు? నాన్‌స్టిక్‌కు తీగ పీచు వద్దు, ఆకుపచ్చ గరుకు పీచు వద్దు, బూడిద వద్దు. గోరువెచ్చని నీళ్ళు పోసి నానబెట్టి, మెత్తటి స్పాంజితోనో పాత నూలు గుడ్డతోనో తుడవాలి. పనికి పోయే ఇంట్లో కొత్త గిన్నె కనిపిస్తే, "అమ్మా, దీన్ని దేంతో తోమాలి?" అని ముందే అడగండి. డబ్బా ఉంటే చూపించమనండి. అడిగితే చిన్నతనం కాదు.

మసి బగోనకు కొబ్బరిపీచు, బూడిదకు మించింది లేదు. పంపు దగ్గర మీరే చూశారు. కట్టెల బూడిదలో క్షారం ఉంటుంది. అది జిడ్డును సబ్బు లాగా విడగొడుతుంది. కానీ గ్యాసు పొయ్యిలు వచ్చాక మన ఇళ్ళలో బూడిద ఏది? కట్టెల భట్టి ఉన్న హోటలును అడిగితే ఊరికే ఇస్తారు. జల్లించి వాడండి. చెత్త, ప్లాస్టిక్ కాల్చిన బూడిద మాత్రం ముట్టొద్దు. బూడిద, చాకలి సోడా సత్తు గిన్నెలకు, అంటే అల్యూమినియం గిన్నెలకు పడవు. నల్లబడతాయి. వాటికి చింతపండు గానీ పిండేసిన నిమ్మచెక్క గానీ మంచిది. ఇత్తడికి, రాగికి చింతపండు సంగతి మీకు నేను చెప్పాలా? పులుపులోని ఆమ్లం చిలుమును కరిగిస్తుంది. తర్వాత మంచి నీళ్ళతో కడిగి, తుడిచి ఆరబెట్టాలి. జిడ్డు లేని గాజు గ్లాసులకు, చాయ్ గిన్నెలకు బీరపీచు చాలు.

తీగ పీచు ఎంత పేరున్నదైనా, పోగులు ఊడడం మొదలైతే పారేయండి. ఆ పోగు అన్నంలో కలిసి గొంతులో గుచ్చుకుంటే కష్టం. మన వేళ్ళు కూడా కోసుకుపోతాయి. కోసుకున్న వేలితో సబ్బు నీళ్ళు ముట్టుకుంటే ఎంత మంటో మీకు తెలుసు.

ఈ మధ్య తెల్లటి ముక్క ఒకటి వస్తోంది. సబ్బు అక్కర్లేదు, నీళ్ళతో తుడిస్తే గోడ మీద మరకలు పోతాయి అంటారు. మాయ స్పాంజి అని పేరు. నిజంగానే పోతాయి. దాన్ని మెలమైన్ అనే పదార్థంతో చేస్తారు. మొదట్లో ఆ పదార్థాన్ని చప్పుడు వినపడకుండా గోడలకు, గదులకు వాడేవాళ్ళు. అమెరికాలో 2003లో ఒక పెద్ద కంపెనీ దాన్ని తుడిచే ముక్కగా అమ్మింది. ఇప్పుడు పేరు లేకుండా చాలా తక్కువకు దొరుకుతోంది. అందులో మాయ ఏమీ లేదు. అది చాలా సన్నటి గరుకు కాగితం లాంటిది, అంతే. మన పిల్లలు గోడల మీద అ, ఆ లు రాస్తే తుడవడానికి పనికొస్తుంది. (తుడవకపోయినా నాకేం అభ్యంతరం లేదు.) దానితో గిన్నెలు తోమకండి, ఒళ్ళు రుద్దకండి. అది రుద్దుతుంటే అరిగిపోతుంది. ఆ అరుగుదల కంటికి కనపడని ప్లాస్టిక్ పోగులై నీళ్ళలో కలుస్తుందని 2024లో శాస్త్రవేత్తలు చెప్పారు. నిప్పు దగ్గర, వేడి గిన్నెల మీద అసలు వాడొద్దు.

పేరు గురించి ఇందాక ఎంతో మాట్లాడుకున్నాం గదా. మన వంతెన 1578లో కుతుబ్ షాహీల కాలంలో కట్టింది. హైదరాబాదు కట్టింది 1591లో. అంటే మన వంతెన ఊరికన్నా 13 ఏండ్లు పెద్దది. 1908 నాటి మూసీ వరదను కూడా చూసింది. దాన్ని ఏమని పిలుస్తాం? పురానాపూల్. అంటే పాత వంతెన. అంతే. కట్టించిన రాజు పేరు కూడా దానికి లేదు.

సరే, పొద్దు పోతోంది. ఇళ్ళకు పోయి వంట చేయాలి మీరు.

బీరపీచు ఎట్ల చేయాలో చెప్పి ముగిస్తాను. కాయను తీగ మీదే ముదరనివ్వాలి. రంగు మారి, తేలికై, ఊపితే లోపల గింజలు గలగలమనాలి. అప్పుడు కోసి నీళ్ళలో నానబెడితే తోలు సులువుగా ఊడుతుంది. గింజలు దులిపి, కడిగి, ఎండలో ఆరబెట్టాలి. పెరడు లేనివాళ్ళు పాత బియ్యం సంచిలో మట్టి నింపి మిద్దె మీద పెట్టండి. వానాకాలం మొదట్లో గింజ వేస్తే మంచిది. తీగ పాకడానికి ఒక తాడు కట్టండి. లేత కాయలు కూరకు, ముదిరినవి పీచుకు.

మా మేనత్త ఊరి నుంచి నేతిబీర గింజలు తెప్పించాను. నా సంచిలో ఉన్నాయి. ఒక్కొక్కరికి నాలుగు. పలక మీద "నేతిబీర" అని రాసి చూపించినవాళ్ళకే ఇస్తాను. మూల కూర్చున్న అక్కా, మొదట నువ్వు రా.